ఒకే చాప మీద చూసిన సినిమా

మా నకరికల్లు వైపు నా చిన్నప్పుడు సినిమా అంటే డేరా హాలు. ముందు నేల, వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. మేం నేల టిక్కెట్టువాళ్ళం. అసలు సినిమాకి ముందు ప్రభుత్వం వారి సినిమా ఒకటి వేసేవాళ్ళు. దాన్ని అందరూ న్యూసు రీలు అనేవాళ్ళు. ఆనకట్టలు, ట్రాక్టర్లు, వరదల్లో అన్నం పొట్లాలు, మంత్రిగారు రిబ్బను కత్తిరించడం. పెద్దవాళ్ళు బయటికెళ్ళి బీడీ కాల్చుకొచ్చే టైము అది. నేను మాత్రం కదిలేవాణ్ణి కాదు. ఎందుకంటే ఎప్పుడన్నా ఒకసారి ఆ రీల్లో రంజాన్ వచ్చేది. ఢిల్లీ జామా మసీదు మెట్లు, తెల్ల టోపీలు, వరసలు వరసలుగా వంగిన వీపులు, ఇద్దరు పిల్లలు అలాయిబలాయి తీసుకోవడం. అంతా కలిపి పది సెకన్లుండదు. ఆ పది సెకన్లలోనే నా పక్కవాడు మోచేత్తో పొడిచేవాడు.

"ఒరే సాయిబూ, మీవోళ్ళురా!"

వాడికి ఏ దురుద్దేశమూ లేదు. తెరమీద మావాళ్ళు కనపడ్డందుకు నాకూ సంతోషమే. ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం ఒకటి గుర్తొచ్చేది. అదే రీల్లో ఆనకట్ట కనపడ్డప్పుడు వాడు "మన సాగరు లాగుందిరా" అన్నాడు. సాగర్ కుడి కాలవ నీళ్ళు వాళ్ళ చేలోకీ వస్తాయి, మా అబ్బా కౌలుకి చేసే చేలోకీ వస్తాయి. కాబట్టి ఆనకట్ట 'మనది'. మసీదు రాగానే 'మీది' అయింది. రీలు మారలేదు, మేం కూర్చున్న నేల మారలేదు, మాట మారింది.

నా జీవితంలో నేను విన్న మొదటి అస్తిత్వ చర్చ అదే అనుకుంటాను. మతం గురించి మా ఇంట్లో చెప్పిన దానికన్నా ఆ మోచేతి పోటు నాకు ఎక్కువ నేర్పింది. విద్యార్థులకు డాక్యుమెంటరీ సినిమాలు చూపించడం, చూశాక కూర్చోబెట్టి మాట్లాడించడం అనే పని తెలుగు నేల మీద ఎట్లా నడిచిందో, దానిలో ముస్లిం ఎక్కడ కూర్చున్నాడో చెప్పాలంటే నేను ఆ నేల టిక్కెట్టు దగ్గర్నించే మొదలుపెట్టాలి.

* * *

ఫిల్మ్స్ డివిజన్ 1948లో పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు. చదువు రాని జనానికి కొత్త దేశాన్ని పరిచయం చెయ్యడానికి సినిమాయే సులువైన దారి అని అప్పటి పాలకులు నమ్మారు. తెలుగుతో సహా ముఖ్యమైన భాషలన్నిటిలో వ్యాఖ్యానం చేర్చి ప్రింట్లు పంపేవాళ్ళు. లైసెన్సు ఉన్న ప్రతి హాలూ వాటిని వేసి తీరాలి. వేసినందుకు హాలువాళ్ళే ఎదురు బాడుగ కట్టాలి. హాళ్ళు లేని ఊళ్ళకి 1953 నుంచి క్షేత్ర ప్రచార విభాగం వ్యాన్లు బయల్దేరాయి. బడి ఆవరణలో తెర కట్టి, పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరు పెట్టి, కుటుంబ నియంత్రణ గురించీ మశూచి టీకాల గురించీ చూపించేవాళ్ళు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు పంపిన ప్రయోగం కూడా ఈ కోవలోదే.

వీటివల్ల మేలు జరగలేదని అనను. పల్లెటూరి పిల్లవాడికి దేశమనేది ఒకటుందని కళ్ళకి కట్టించింది ఆ రీళ్ళే. కానీ వాటిలో ఒక్కటే గొంతు. అది పైనుంచి వచ్చే గొంతు. మనం వినాలి, అంతే. సినిమా అయ్యాక "ఇది నిజమేనా?" అని అడగడానికి ఎవరూ ఉండరు. పైగా ఆ గొంతుకి ముస్లిం అంటే తెలిసింది నాలుగు సంగతులే. తాజ్‌మహల్, చార్మినార్, ఖవ్వాలీ, పండగ నమాజు. భిన్నత్వంలో ఏకత్వం అనే దండలో మేమొక పువ్వు. ఆ పువ్వుకి ఆకలి ఉండదు, అద్దె ఇల్లు దొరక్కపోవడం ఉండదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర కళ్ళు మండించుకునే సాయిబు ఆ రీల్లోకి రాలేదు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే సాయిబు రాలేదు. ఇంటింటికీ తిరిగి పరుపులకి దూది ఏకే దూదేకులాయన అసలే రాలేదు. నమాజు చేస్తున్న వీపులు కనపడ్డాయి గానీ ముఖం కనపడలేదు, మాట వినపడలేదు.

ఇప్పుడు ఆ సంస్థలు ఆ పేర్లతో లేవు. క్షేత్ర ప్రచార విభాగాన్ని 2017లో మిగతా ప్రచార శాఖలతో కలిపేశారు. ఫిల్మ్స్ డివిజన్ని 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిపేశారు.

* * *

ఇక్కడ ఒక పాత కోర్టు కేసు చెప్పాలి. మన పిల్లలకు పాఠాల్లో ఇది రాదు.

ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ పేరు రాజ్‌కపూర్ సినిమాల కథకుడిగా చాలామందికి తెలుసు. పానిపట్టు మనిషి. ఆయన 1968లో 'చార్ షహర్ ఏక్ కహానీ' అని పదహారు నిమిషాల డాక్యుమెంటరీ తీశాడు. బొంబాయి, కలకత్తా, మద్రాసు, ఢిల్లీ. ఒక పక్క మేడలు, ఒక పక్క వాటిని కట్టిన కూలీల మురికివాడలు. బొంబాయిలో ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళ వీధి కూడా కొద్ది క్షణాలు కనపడుతుంది. సెన్సారు వాళ్ళు 'ఎ' సర్టిఫికెట్టు ఇస్తామన్నారు. అంటే పెద్దవాళ్ళకు మాత్రమే. అంటే బడిపిల్లలు చూడకూడదు. అందరూ చూడాలంటే ఆ దృశ్యాలు కత్తిరించమన్నారు.

అబ్బాస్ సుప్రీంకోర్టుకెళ్ళాడు. విచారణ జరుగుతుండగా ప్రభుత్వం మెత్తబడి, కోతల్లేకుండానే 'యు' ఇస్తామంది. ఇంకొకరైతే సర్టిఫికెట్టు తీసుకుని ఇంటికెళ్ళేవాళ్ళు. ఆయన వెళ్ళలేదు. నా ఒక్క సినిమా సంగతి కాదు, విడుదలకు ముందే సెన్సారు చేసే అధికారం మీకుందా లేదా తేల్చమన్నాడు. 1970 సెప్టెంబరు 24న తీర్పొచ్చింది. ముందస్తు సెన్సారు రాజ్యాంగబద్ధమే అని కోర్టు తేల్చింది. కళకీ చెత్తకీ తేడా చూసి నడుచుకోమని సెన్సారుకి బుద్ధి చెప్పింది కూడా. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి మహమ్మద్ హిదాయతుల్లా.

ఈ దేశంలో సినిమా సెన్సారు మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఈ పెద్ద తీర్పుకి మూలం చిన్న డాక్యుమెంటరీ. వాది ముస్లిం, న్యాయమూర్తీ ముస్లిం. ఇద్దరూ మాట్లాడింది మసీదు గురించి కాదు, దేశంలో ప్రతివాడి హక్కు గురించి. ముస్లింలు ఎప్పుడూ తమ గోడే చెప్పుకుంటారని మొహం చిట్లించే మిత్రులకి ఈ కేసు గుర్తుచెయ్యాలనిపిస్తుంది. ఇంకోటి. పిల్లలు దేన్ని చూడొచ్చు అన్న ప్రశ్న పేరుకే పిల్లల గురించి. నిజానికి అది పేదరికాన్ని ఎవరి కంట పడనివ్వాలి అన్న ప్రశ్న. తర్వాత యాభై ఏళ్ళలో ఇదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వచ్చింది.

* * *

1980ల్లో గాలి మారింది. సినిమా తీసేవాళ్ళు, ఎవరి గురించి తీస్తున్నారో వాళ్ళతో కలిసి తియ్యడం మొదలుపెట్టారు. దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, మీరా రావు, నవరోజ్ కాంట్రాక్టర్ కలిసి 1980లో 'యుగాంతర్' అనే బృందం కట్టారు. పుణెలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద, నిపాణిలో పొగాకు కార్ఖానాల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద సినిమాలు తీశారు. తీసి దాచుకోలేదు. ప్రొజెక్టరు మోసుకుపోయి కూలీల మధ్యే వేసి, వేశాక మాట్లాడించారు. 1983లో హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనతో కలిసి తెలుగులోనే 'ఇది కథ మాత్రమేనా' అని అరగంటలోపు సినిమా తీశారు. ఇంట్లో మొగుడి చేతిలో నలిగే చదువుకున్న ఆడమనిషి కథ. నటించి చూపిందే అయినా, చూసినవాళ్ళు తమ ఇంటి సంగతి చెప్పుకోవడానికే దాన్ని తీశారు. సినిమా పేరులోనే ప్రశ్న ఉంది. జవాబు చెప్పాల్సింది ఎదురుగా కూర్చున్నవాళ్ళు.

ఆ తర్వాత దీపా ధన్‌రాజ్ తీసింది 'క్యా హువా ఇస్ షహర్ కో'. 1986లో పూర్తయింది. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని ఆగస్టు 16న కూలదోసి, నెల తిరిగేసరికి మళ్ళీ గద్దెనెక్కించిన రోజులు గుర్తుండే ఉంటాయి. రాష్ట్రమంతా ప్రజాస్వామ్యం గురించి మాట్లాడుకుంటున్న ఆ నెలలోనే హైదరాబాదు పాతబస్తీ కత్తిపోట్లతో, కర్ఫ్యూతో అల్లాడిపోయింది. మతకలహాలు వాటంతట అవి పుట్టవు, వాటికి తేదీలుంటాయి, ఊరేగింపు దారులుంటాయి, లాభపడే నాయకులుంటారు అని ఆ సినిమా చూపించింది. ఇరువైపులా ఉన్న నాయకుల్నీ చూపించింది. కర్ఫ్యూలో పొయ్యి వెలగని ఇళ్ళనీ చూపించింది. మన నగరం మీద తీసిన సినిమా అది. పాడైపోతున్న ఆ ప్రింటుని పాతికేళ్ళ తర్వాత బెర్లిన్‌లో ఒక సంస్థ బాగుచేయించింది. మన గాయాన్ని భద్రం చేసుకునే చోటు మనకి లేకపోయింది.

ఇవేవీ మా పల్నాడుకి రాలేదు. మాకు వచ్చినవి వేరు. 1992లో తీసిన 'రోజా' తెలుగులో డబ్బింగై వచ్చింది. తగలబడుతున్న జెండా మీద హీరో దూకుతాడు. ఒళ్ళు కాలుతుంటే దొర్లుతాడు. ఆ పక్కనే ఉగ్రవాది నమాజు చేసుకుంటూ ఉంటాడు. హాలంతా ఈలలు. నేనూ చప్పట్లు కొట్టబోయి ఆగాను. ఆ నమాజు మా అబ్బా రోజూ చేసేదే. అదే వంగడం, అదే కూర్చోవడం. చప్పట్లు కొడితే ఎవర్ని కొట్టినట్టు? కొట్టకపోతే పక్కవాడు ఏమనుకుంటాడు? ఆ రోజు నా చేతులు గాల్లోనే ఉండిపోయాయి. న్యూసు రీల్లో పండగ చేసుకున్న వీపులు, ఇప్పుడు భయపెట్టే వీపులయ్యాయి. ముఖం మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

* * *

1994 మొదట్లో నేను డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. అప్పటికి బాబ్రీ మసీదు కూలి ఏడాది దాటింది. హైదరాబాదు నుంచి ఎవరో ఒక వీడియో క్యాసెట్టు తెచ్చారు. ఒక లెక్చరరుగారు టీవీ, వీసీఆర్ అద్దెకి తెప్పించి సాయంత్రం ఒక గదిలో చూపిస్తానన్నారు. ముప్ఫై మందిమి పోగయ్యాం. గదిలో బెంచీలు చాల్లేదు. పక్కకి జరిపేసి, నేలమీద రెండు పెద్ద చాపలు పరిచాం.

అది ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'రామ్ కే నామ్'. 75 నిమిషాల సినిమా. 1990లో సోమనాథ్ నుంచి బయల్దేరిన రథయాత్ర వెంటా, అయోధ్య చుట్టుపక్కల ఊళ్ళ వెంటా కెమెరాతో తిరిగి తీసింది. సెన్సారు వాళ్ళు అందరూ చూడొచ్చని 'యు' ఇచ్చారు. జాతీయ అవార్డు వచ్చింది. అయినా దూరదర్శన్ వెయ్యనంది. తర్వాత హైకోర్టు చెబితే 1997లో వేసింది. మేం చూసిన నాటికి అది చేతులు మారే క్యాసెట్టే.

సినిమా హిందీలో ఉంది. అయిదు నిమిషాలయ్యేసరికి అందరూ దిక్కులు చూస్తున్నారు. లెక్చరరుగారు క్యాసెట్టు ఆపి, "హిందీ ఎవరికొచ్చురా?" అన్నారు. ముప్ఫై తలకాయలు ఒక్కసారి నా వైపు తిరిగాయి.

మా ఇంట్లో మాట్లాడేది లక్నో ఉర్దూ కాదు. సగం తెలుగు కలిసిన తురకం. బజార్లో నేనూ అమ్మీ ఆ భాష మాట్లాడుకుంటుంటే వెనకనుంచి వెక్కిరించేవాళ్ళు. అందుకని కాలేజీలో ఎప్పుడూ ఒక్క ముక్క బయటికి రానిచ్చేవాణ్ణి కాదు. ఆ సాయంత్రం అదే భాష ముప్ఫై మందికి దారి చూపింది. టీవీ పక్కన నిలబడి, ఒక్కో మాటా విని తెలుగులో చెప్పాను. రానిచోట తడుముకున్నాను. వివాదంలో ఉన్న ఆ గుడికి కోర్టు పెట్టిన పూజారి లాల్‌దాస్ వచ్చాడు. ఇదంతా భక్తి కాదు, ఓట్ల కోసం డబ్బుల కోసం ఆడుతున్న ఆట అని ఆయన నిదానంగా, నవ్వు మొహంతో చెబుతున్నాడు. రామాలయం పూజారి మాటని ఒక సాయిబుల కుర్రాడు తెలుగు చేసి చెబుతుంటే మా వాళ్ళు నోరు తెరుచుకుని విన్నారు.

సినిమా అయింది. లైట్లేశారు. లెక్చరరుగారు ఒక్క మాటే చెప్పారు. "ఆ పూజారిని మొన్న నవంబరులో కాల్చి చంపేశారు."

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత మాటలు మొదలయ్యాయి. ఒకడు సూటిగా నన్నే అడిగాడు. "నిజం చెప్పరా. పాకిస్తాన్ గెలిస్తే మీవోళ్ళు టపాసులు కాలుస్తారంటగా?" డేరా హాల్లో విన్న 'మీవోళ్ళు' పదేళ్ళ తర్వాత మళ్ళీ. ఈసారి పక్కనుంచి మోచేత్తో పొడవలేదు, ఎదురుగా కూర్చుని అడిగాడు. ఎదురుగా అడిగితే జవాబు చెప్పొచ్చు. చెప్పాను. మా ఇంట్లో టీవీ లేదని, అజహరుద్దీన్ సెంచరీ కొట్టిన రోజు మా అబ్బా చాయ్ కొట్లో రేడియో దగ్గర అందరికీ చాయ్ ఇప్పించాడని, ఆ బాకీ నెలరోజులు తీర్చాడని చెప్పాను. నవ్వారు. నవ్వాక నాకు కోపమొచ్చింది. "ఇట్లా నిన్నెవరూ ఎందుకడగరు?" అన్నాను. వాడు తల దించుకున్నాడు.

దూదేకుల కుర్రాడొకడు లేచాడు. "నాకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. వీడు చెబుతుంటే నేనూ మీలాగే విన్నాను. నన్ను సాయిబులు సాయిబుననరు, మీరు తెలుగోణ్ణనరు. మసీదు పడిన రోజు మాత్రం మా ఇంటి మీదా రాళ్ళు పడతాయేమోనని మా అమ్మ తలుపేసింది" అన్నాడు. ఆ మాట నన్నూ గుచ్చుకుంది. వాణ్ణి తక్కువగా చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

చివర్న మాలపల్లె నుంచి వచ్చే మిత్రుడు మాట్లాడాడు. "చుండూరు ఎట్లా మొదలైందో తెలుసా? సినిమా హాల్లో. మావాడి కాలు పెద్దకులపోడికి తగిలింది. అంతే. ఇవాళ ఈ చాప మీద ఎన్ని కాళ్ళు ఎన్నిసార్లు తగిలాయో చూసుకున్నారా?" అన్నాడు. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని నరికి గోతాల్లో కుక్కి కాలవలో పడేసిన సంగతి మా అందరికీ తెలుసు. తగువు హాల్లో పుట్టిన సంగతీ తెలుసు. ఆ రెంటినీ మేం కూర్చున్న చాపతో కలిపి ఎవరూ ఆలోచించలేదు.

మాది పల్నాడు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని చాపకూడు కథ మాకు ఉగ్గుపాలతో పోస్తారు. చెప్పుకుని గర్వపడతాం. చాపకూడు తిన్నాక ఆ చాప మీద ఎవరేం మాట్లాడారో మాత్రం కథలో లేదు. కూడు పెట్టినవాడి పేరు మిగిలింది, తిన్నవాడి మాట మిగల్లేదు. ఆ సాయంత్రం మా చాప మీద మాట కూడా వడ్డించారు.

తర్వాతి వారం ఇంకో సినిమా అనుకున్నాం. కాలేజీ పెద్దలు వద్దన్నారు. "చదువుకోడానికొచ్చారా, గొడవలు పెట్టుకోడానికొచ్చారా?" అని అడిగారు. గొడవేమీ జరగలేదు. పెట్టుకోకుండా ఆపుకోవడం ఎట్లాగో నేర్చుకుంటున్నాం, అంతే.

* * *

ఇంతవరకూ చెప్పింది మా గోడు. ఇకపై చెప్పేది మా లోపం, లౌకికవాద మిత్రుల లోపం.

ఆ తర్వాత ఊళ్ళు మారి, ఎన్నో ప్రదర్శనలకి వెళ్ళాను. సంఘాలవాళ్ళు మంచి మనసుతో సినిమా వేస్తారు. వేసే ముందు ముప్పావుగంట ఉపన్యాసం. అయ్యాక ఇంకో గంట ఉపన్యాసం. చివరికి "విద్యార్థులెవరన్నా మాట్లాడతారా?" అని గడియారం చూసుకుంటూ అడుగుతారు. ముస్లిం కుర్రాడు లేస్తే, వాడి నోటివెంట ఏడుపన్నా రావాలి, దేశభక్తి అన్నా రావాలి. ఇల్లు తగలబడితే మేం కావాలి. ఇల్లు కట్టుకోవడం గురించి, ఉద్యోగం గురించి, రిజర్వేషన్ గురించి మాట్లాడితే "మతం ప్రాతిపదిక మీద ఆలోచించకండి" అంటారు. కన్నీళ్ళకి మతం ఉండొచ్చు, డిమాండుకి ఉండకూడదు! ఫిల్మ్స్ డివిజన్ మమ్మల్ని పువ్వు చేసింది, వీళ్ళు మమ్మల్ని గాయం చేశారు. మనిషిని చెయ్యడం ఇద్దరికీ ఆలస్యమైంది.

మా సంగతి? బాబ్రీ మీద సినిమా అంటే ముందు వరసలో కూర్చుంటాం. ఆడవాళ్ళ మీద సినిమా అంటే చెప్పులు వెతుక్కుంటాం. తమిళనాడులో పుదుక్కోట్టైకి చెందిన ముస్లిం ఆడవాళ్ళు, మగవాళ్ళ జమాతుల్లో తమకి న్యాయం జరగడం లేదని 2004లో సొంత జమాతు పెట్టుకున్నారు. తలాక్, మెహర్, పిల్లల మనోవర్తి, అన్నీ వాళ్ళే విచారిస్తారు. వాళ్ళ మీద దీపా ధన్‌రాజ్ 2011లో 'ఇన్వోకింగ్ జస్టిస్' తీసింది. దాని గురించి ఒకసారి మా ఇంట్లో చెబుతుంటే మా ఆపా నిలదీసింది. "మీ సినిమాలకి మమ్మల్ని ఎప్పుడన్నా పిలిచారా? చాప పరిచినప్పుడు మాకు ఏ మూల చోటుంచారు?" 1994లో ఆ గదిలో వెనక నిలబడి చూసిన ఇద్దరు ముస్లిం అమ్మాయిలు గుర్తొచ్చారు. వాళ్ళు చాప మీద కూర్చోలేదు. మాట్లాడలేదు. మాట్లాడమని మేం అడగనూ లేదు. మెజారిటీ మతం వాడు నన్ను అడగలేదని నొచ్చుకునే నేను, వాళ్ళని అడగడం మరిచిపోయాను.

* * *

2002 గుజరాత్ మీద రాకేశ్ శర్మ 'ఫైనల్ సొల్యూషన్' తీశాడు. 2004 ఆగస్టులో సెన్సారు నిరాకరించింది, అక్టోబరులో ఒప్పుకుంది. ఆ మధ్యలో ఆయన, ఒక కాపీ ఉచితంగా తీసుకోండి, అయిదు కాపీలు చేసి పంచుతానని మాటివ్వండి అన్నాడు. సీడీలు ఊళ్ళు దాటాయి. గోడ కడితే నీళ్ళు పక్కనుంచి పోయినట్టు, సినిమా హాలు వదిలి గదుల్లోకి వచ్చింది.

2013 సెప్టెంబరులో ముజఫర్‌నగర్ మండింది. 60 మందికి పైగా చనిపోయారు. 50 వేలమందికి పైగా ఊళ్ళొదిలి శిబిరాల్లో పడ్డారు. నకుల్ సింగ్ సాహ్నీ దానిమీద 'ముజఫర్‌నగర్ బాకీ హై' తీశాడు. 2015 ఆగస్టు 1న ఢిల్లీలో కిరోడీమల్ కాలేజీలో దాన్ని వేస్తుంటే ఏబీవీపీ వాళ్ళు అడ్డుపడి ఆపేశారు. సినిమా ఆగింది ఢిల్లీలో. నిరసన లేచిన చోట్లలో ఒకటి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం. లేచింది ముస్లిం సంఘం కాదు, అంబేడ్కర్ విద్యార్థి సంఘం. అందులో మా గుంటూరు పిల్లాడు ఒకడున్నాడు. రోహిత్ వేముల.

తర్వాత జరిగింది దేశానికంతటికీ తెలుసు. క్యాంపస్‌లో తగాదా, ఫిర్యాదులు, విచారణలు, అయిదుగురు విద్యార్థుల మీద వేటు, హాస్టలు నుంచి వెళ్ళగొడితే ఆరుబయట వాళ్ళు కట్టుకున్న వెలివాడ. 2016 జనవరి 17న రోహిత్ ప్రాణాలు తీసుకున్నాడు. ఒక్క సినిమాయే కారణమని నేననను. అంతకుముందు ఉరిశిక్షకి వ్యతిరేకంగా జరిపిన సభ ఉంది, దానికి ముందు ఎన్నో ఏళ్ళ వివక్ష ఉంది. కానీ ఆ గొలుసులో ఒక లంకె, చూడనివ్వని ఒక డాక్యుమెంటరీ. ఉత్తరప్రదేశ్‌లో ఇల్లు కాలిన ముస్లింల కథని ఢిల్లీలో ఆపితే, అది తన మీద పడిన దెబ్బే అనుకున్నారు ఈ పిల్లలు. చుండూరు పేరెత్తిన నా మిత్రుడు ఇరవయ్యేళ్ళ ముందే చాప మీద చెప్పింది ఇదే. హైదరాబాదు ముస్లింల మీద 1986లో సినిమా తీసిన దీపా ధన్‌రాజే, 2018లో రోహిత్ మీద, ఆ ఉద్యమం మీద 'వుయ్ హావ్ నాట్ కమ్ హియర్ టు డై' తీసింది. చావడానికి రాలేదు మేమిక్కడికి అని.

ఇక 'రామ్ కే నామ్' సంగతి. 2019 ఫిబ్రవరిలో యూట్యూబ్ దానికి వయసు ఆంక్ష పెట్టింది. 'యు' సర్టిఫికెట్టున్న సినిమాని పిల్లలు చూడకూడదట. అబ్బాస్ కేసు మళ్ళీ మొదటికొచ్చింది. అదే ఏడు ఆగస్టు 20న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు దాన్ని చూస్తుంటే పోలీసులొచ్చి ఆపి ఆరుగురిని స్టేషనుకి తీసుకుపోయారు. 2024 జనవరి 20న, అయోధ్యలో ప్రాణప్రతిష్ఠకి రెండ్రోజుల ముందు, హైదరాబాదులోనే ఒకచోట దాన్ని వేస్తే ప్రదర్శన ఆపించి, నిర్వాహకుల్ని అరెస్టు చేశారు. ముప్ఫై రెండేళ్ళ నాటి సినిమా. సర్టిఫికెట్టుంది, అవార్డుంది, దూరదర్శన్‌లో వచ్చింది. ఎవరి ఫోన్లోనైనా దొరుకుతుంది. అయినా నలుగురు కలిసి కూర్చుని చూస్తే మాత్రం పోలీసులొస్తారు. ఎందుకు?

ఎందుకంటే ఒంటరిగా చూసినవాడు చూసి ఊరుకుంటాడు. కలిసి చూసినవాళ్ళు లైట్లేశాక మాట్లాడుకుంటారు. వాళ్ళకి భయం సినిమా అంటే కాదు, ఆ మాటంటే.

* * *

2022 ఏప్రిల్లో పల్నాడు జిల్లా అయింది. నకరికల్లు ఇప్పుడు ఆ జిల్లాలో మండల కేంద్రం. డేరా హాలు లేదు. ప్రతి పిల్లాడి చేతిలో ఒక తెర ఉంది. ఆ తెరలోకి ఏం వస్తుందో మనకి తెలుసు. సగం నిమిషం వీడియోలు, ఎక్కడో జరిగింది ఇక్కడ జరిగినట్టు, పదేళ్ళనాటిది నిన్నటిదన్నట్టు. పక్కన కూర్చుని "ఒరే సాయిబూ, మీవోళ్ళురా" అని పొడిచే మోచెయ్యి కూడా లేదు. ఆ మోచెయ్యి ఉన్నా బాగుండునేమో. తిరిగి జవాబు చెప్పే వీలుండేది.

అందుకని నా మాట ఇది. నగరాల్లో విశ్వవిద్యాలయాల్లో జరిగే ప్రదర్శనల కోసం పోరాడుతున్న మిత్రులారా, ఒకసారి నకరికల్లు జూనియర్ కాలేజీ పిల్లల్ని తలుచుకోండి. 'రామ్ కే నామ్' మా గదికి వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. మనమీద వచ్చిన మంచి సినిమాలు ఎక్కువ భాగం ఇంకా హిందీలో ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాలతో ఉన్నాయి. ప్రతి గదిలోనూ తురకం వచ్చిన కుర్రాడు నిలబడి తర్జుమా చెయ్యాలా? తెలుగు మాట చేర్చడం అంత పెద్ద ఖర్చా? దూదేకుల బతుకు మీద, సున్నపు బట్టీల సాయిబుల మీద, మిర్చి చేలల్లో కూలికెళ్ళే ముస్లిం ఆడవాళ్ళ మీద తెలుగులో సినిమాలు రావాలి. ఇప్పుడు ఫోనే కెమెరా. మన పిల్లలే తియ్యగలరు. తీసినవి మొదట మన ఊళ్ళోనే వెయ్యాలి. వేసినవాళ్ళు ఉపన్యాసం పదినిమిషాల్లో ముగించి పిల్లల్ని మాట్లాడనివ్వాలి. అడిగే ప్రశ్న ఎంత గుచ్చుకున్నా అడగనివ్వాలి.

చాప మనదగ్గర ఎనిమిది వందల ఏళ్ళ నుంచీ ఉంది. ఈసారి పరిచేటప్పుడు మా ఆపా అడిగిన చోటు ముందు చూసి, తర్వాత మనం కూర్చుందాం.